లోపలి గడియ

ఎమ్మిగనూరు,
శుక్రవారం మధ్యాహ్నం.

ఆదోనిలో ఉన్న నా ఇంటాయనకు,

ఇక్కడ అత్తమ్మ బాగుంది, ఎనుము బాగుంది. నేను బాగున్నానో లేదో ఈ ఉత్తరం చదివాక మీరే అనుకోండి.

ఇంట్లో ఫోను పెట్టుకుని ఉత్తరం రాయడమేంటి అనుకుంటారేమో. ఆ ఫోను సంగతి మీకు తెలియనిదా. అత్తమ్మకు చెవి సరిగా ఆనదని ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడుతుంది. మీరు ఆదోనిలో దగ్గితే మన వీధి చివర వినబడుతుంది. పోయిన ఆదివారం మీరు ఎనుము ఎన్ని పాలిస్తోందని అడిగారు. పక్కింటి హుసేనమ్మవ్వ మోకాలి నొప్పి గురించి అడిగారు. నన్ను అడగలేదు. నేను పొయ్యి దగ్గరే రొట్టెలు కాలుస్తున్నాను. "ఇదో, హులిగి ఈడే ఉండాది, మాట్లాడ్తావా?" అని అత్తమ్మ అంటే, "పనుందిమా" అని పెట్టేశారు. రొట్టె మాడింది. అత్తమ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నేను చదివింది ఏడో తరగతి వరకే. అయినా రాయడం మర్చిపోలేదు. నోటితో రాని మాట చేతితోనైనా వస్తుందేమోనని కూర్చున్నాను. పత్తి వేసుకుని రోజూ ఆదోని యార్డుకు వచ్చే జయన్నకు దీన్ని ఇస్తాను. అతని బొలెరో మీ పత్తి మిల్లు ముందు నుంచే కదా పోయేది.

మీరు కడసారి వచ్చినప్పుడు మిద్దె మీద చాప వేసుకున్నారు. నేను నీళ్ళ చెంబు తెచ్చి పెడితే నా వైపు చూడకుండానే అన్నారు. "సూడు, నేనంటే ఇష్టం లేకపోతే మొగాన సెప్పేయ్. గడప కాడ అట్టా పడుండాల్సిన పని ల్యా. నేనే రాకుండా ఉంటా." తెల్లవారి మొదటి బస్సుకే పోయారు. ఆ తరువాత ఆదివారాలు వస్తున్నాయి, పోతున్నాయి. మీరు రావడం లేదు.

మీరు అనుకున్నదానిలో మీ తప్పేమీ లేదు. పెళ్ళయిన నాటి నుంచి మీరు గది తలుపు గడియ వేయడం, మీకు నిద్ర పట్టగానే నేను లేచి తీయడం, గడప మీద తల పెట్టి పడుకోవడం. మిల్లు నుంచి వచ్చిన చొక్కాతో మీరు దగ్గరికి వస్తే నేను మొహం తిప్పుకోవడం. ఏ మగవాడైనా ఏమనుకుంటాడు?

అత్తమ్మ కూడా అదే అనుకుంది. నిన్న నన్ను పిలిచి కూర్చోబెట్టి, "అమాస పోయినాక సోమవారం మీ నాయన్ని పిలిపిస్తాండా. మా దిక్కు పెద్దమనుసులు, మీ దిక్కు పెద్దమనుసులు కూసుంటారు. ఉంటావో పోతావో ఆడ తేల్చుకుందాం. నా కొడుకు మొగం సూడలేకుండా ఉండా" అని చెప్పింది. నేను తల ఊపాను. తల ఊపడం తప్ప నాకు ఏమి వచ్చు.

అందుకే ఇప్పుడు చెప్తున్నాను. నాకు మూసిన తలుపంటే భయం. మామూలు భయం కాదు. గడియ పడిన చప్పుడు వింటే గొంతులో పత్తి కుక్కినట్టు అవుతుంది.

నేను ఐదో తరగతిలో ఉండగా, కోసిగి పక్క మా ఊళ్ళో, పత్తి దినాలకు బడి మాన్పించి అమ్మ నన్ను చేలోకి తీసుకుపోయింది. పత్తి తొక్కే పని మీకు తెలుసు. నిలువెత్తు గోనె బోరేన్ని గుంజలకు వేలాడగట్టి లోపల పిల్లల్ని దించుతారు. పైనుంచి ఆడవాళ్ళు ఒడిలో పత్తి తెచ్చి పోస్తుంటే లోపలి పిల్ల తొక్కుతూ ఉండాలి. పత్తి అణిగే కొద్దీ పిల్ల పైకి వస్తుంది. మూతి దాకా వచ్చాక చంకల్లో చేతులు పెట్టి ఎత్తేస్తారు. నాకు ఆ పని ఇష్టంగా ఉండేది. మెత్తగా, వెచ్చగా ఉండేది.

ఆ రోజు నేను ఇంకా అడుగునే ఉండగా గుంజ నుంచి తాడు జారింది. బోరెం మూతి మడతపడి నా మీద కూలింది. హులిగి నీళ్ళు తాగను పోయిందని ఎవరో అన్నారట. అందరూ అదే నమ్మారు. బోరెం ఖాళీదే కదా, తరువాత కడదాంలే అని, చేతిలో ఉన్న పత్తంతా దాని మీదే పోశారు. నేను అరిచాను. పత్తి అరుపును తాగేస్తుందండీ. నా అరుపు నాకే సరిగా వినబడలేదు. నోరు తెరిస్తే నోట్లోకే వచ్చింది. అన్నిటికంటే పెద్ద బాధ ఏంటంటే, అమ్మ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్న గొంతు సన్నగా వినబడుతోంది. ఆమె గొంతు నాకు వస్తోంది, నా గొంతు ఆమెకు పోవడం లేదు. చివరికి ఎవరో అలసిపోయి ఆ కుప్ప మీద కూర్చోబోతే కింద కదిలింది. ఆమె కేక పెడితే లాగి బయటపడేశారు.

బడిలో ఆ తరువాత తలుపు పక్కనే కూర్చునేదాన్ని. ఇంట్లో వాకిట్లోనే పడుకునేదాన్ని. పెళ్ళికి ముందు మా అమ్మ ఒకటే మాట అంది. "ఇట్టాంటివి ఆడ సెప్పగాకు. పిచ్చిదాన్ని అంటగట్టినారంటారు." అందుకని చెప్పలేదు. మీ చొక్కా మీద ఉండే పత్తి నూగు వాసన ఆ బోరెం వాసనే. మొహం తిప్పుకున్నది ఆ వాసనకు. మీకు కాదు.

మీరు వచ్చే ఆదివారమైతే నేను వాకిలి రెండుసార్లు ఊడుస్తాను. అత్తమ్మను అడగండి, నవ్వుతూ చెప్తుంది. ఇంతకంటే రాయడానికి సిగ్గుగా ఉంది.

గడప మీద పడుకున్నా మీ మనిషినే,
హులిగమ్మ


ఎమ్మిగనూరు,
మంగళవారం.

నా ఆయనకు,

మీ దగ్గర్నుంచి మాట వస్తుందని జయన్న బండి హారను విన్నప్పుడల్లా వాకిట్లోకి పోయాను. నోరు తెరిచి అడగడానికే నాకు ఒక పూట పట్టింది. అతను నవ్వాడు. "సేతికే ఇచ్చినానమ్మా. అట్టా తిప్పి, ఇట్టా తిప్పి జోబులో పెట్టుకున్నాడు. మొగం సూస్తే కందిగింజంత అయిపోయినాది. కొట్లాడినారా ఏంది?" అన్నాడు. నేను ఇంట్లోకి వచ్చేశాను.

చదివి ఉంటారు. చదివాక కూడా ఒక మాట పంపలేదంటే, పిచ్చిదాన్ని అంటగట్టారనే అనుకున్నారేమో. సరే. అయినా రాస్తున్నాను. ఒకసారి మొదలుపెట్టాక ఆపడం కష్టంగా ఉంది.

ఇక్కడ ఒక సంగతి జరిగింది. నేను నీళ్ళు పోసుకునేటప్పుడు స్నానాల గది రేకు తలుపు వేయనని మీకు తెలుసో లేదో. కొంచెం తెరిచి, బిందె అడ్డం పెట్టి, ఒక చేత్తో తలుపు పట్టుకుని పోసుకుంటాను. హుసేనమ్మవ్వ చూసింది.

"ఏమే, మొగోళ్ళు తిరిగే దావలో తలుపు వారగా పెట్టి పోసుకుంటాండావు, బుద్ధుండాదా నీకు?"

నేను ఏడ్చేశాను. చెప్పేశాను. మీకు రాశాక చెప్పడం కొంచెం తేలికైంది. గాలి సోకిందంటుందేమో, అత్తమ్మకు చేరవేస్తుందేమో అనుకున్నాను. అవ్వ వక్కాకు నములుతూ అంతా విని, "అంతేనా! నాకు కప్పంటే భయం" అంది.

"కప్పా?"

"కప్పే. ముగ్గురు మనవళ్ళను ఎత్తుకున్నా. వానాకాలం పొద్దు మునిగితే నాకు వాకిలి ల్యా. మా ఆయప్ప ఉన్నన్నాళ్ళూ ముందర కట్టె తట్టుకుంటా నడిచేవాడు, నేను ఎనకాల. నవ్వుకో, ఏం కాదు."

నేను నిజంగా నవ్వాను. ఆ తరువాత అవ్వ ఒక దారి చెప్పింది. మగ్గాల వాళ్ళకు కండెలు చుట్టే రాట్నం తెచ్చి స్నానాల గది గోడ పక్కన పెట్టుకుంటానని, నేను లోపల గడియ వేసుకుని ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలని, తాను ఊ కొడతానని. "నా ఊ ఇనపడినంత సేపూ నీ మాట బయటికి వచ్చినట్టే గదా" అంది.

మొదటిరోజు గడియ వేశాను, తీశాను. నీళ్ళ చెంబు కూడా ముట్టలేదు. అవ్వ బయట నుంచి, "ఇంతలోనే పోసుకుంటివా? కాకి నయం గదనే" అంది. మరుసటి రోజు ఏం మాట్లాడాలో తెలియక, కూర ఏం చేశానో చెప్పమంటే గోరుచిక్కుడు కూర చెప్పాను. కాయలు గిల్లడం మొదలుకొని తాలింపు దాకా చెప్పాను. అవ్వ ఊ కొడుతూనే ఉంది. మధ్యలో, "ఉప్పెయ్యలే నువ్వు" అంది. చూస్తే నిజమే, ఉప్పు చెప్పలేదు. నా పెళ్ళయ్యాక నేను అంతసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

అప్పుడు నాకు ఒకటి తోచింది. నా భయం తలుపు కాదేమో. లోపల ఉన్నప్పుడు నా గొంతు ఎవరికీ పోదేమోనని భయం. మీ పక్కన గదిలో పడుకున్నప్పుడు కూడా నేను ఏమీ మాట్లాడేదాన్ని కాదు. మీరూ అలసిపోయి పడుకునేవారు. ఇద్దరమూ నోరు మూసుకుంటే అది బోరెమే కదా.

ఆ ధైర్యంతో నిన్న ఆదోని బస్సెక్కాను. అత్తమ్మకు టైలరు దగ్గరికని చెప్పాను. మీతో ఎదురుగా ఒక్క మాట చెప్పాలని. ఎక్కేటప్పుడు ఖాళీగానే ఉంది. ఊరు దాటే లోపల నిండిపోయింది. దుమ్ము గాలి లేచింది. ఒకాయన కిటికీ అద్దం లాగేశాడు. ఆయన్ను చూసి వెనకాల ఇంకొకరు. 'అన్నా, కొంచెం తెరవన్నా' అంటే అయిపోయేది. ఆ మాట నా పళ్ళ దాకా వచ్చి ఆగిపోయింది. కొత్త మనిషిని అడగాలంటే సిగ్గు. మీద మీద మనుషులు, చెమట, ఎవరిదో పత్తి మూట నా మోకాలికి తగులుతోంది. ఒక్కసారిగా, "ఆపండి! దిగాల!" అని అరిచాను.

బస్సంతా తిరిగి చూసింది. కండక్టరు, "ఏమ్మా, వాంతికి వస్తాందా? ఈడ ఊరు ల్యా, స్టాపు ల్యా" అన్నాడు. దిగిపోయాను. రెండు వైపులా ఎండిన పత్తి చేలు, మధ్యలో నేను. వెనక్కి నడిచి నడిచి ఒక ఆటో దొరికితే ఇల్లు చేరాను. దారంతా ఏడ్చాననే చెప్తాను, దాచను. కాకపోతే, అంతమందిలో నా గొంతు డ్రైవరు దాకా పోయింది. బండి ఆగింది. అది కూడా అనుకున్నాను.

మీరు పెద్ద ఉత్తరం రాయొద్దు. జయన్నతో 'సరే' అని ఒక మాట చెప్పి పంపినా చాలు. వద్దనుకుంటే ఆ మాటైనా చెప్పి పంపండి. ఏదీ చెప్పకుండా ఉండటం నేను తట్టుకోలేను.

మీ హులిగమ్మ


ఎమ్మిగనూరు,
ఆదివారం సాయంత్రం.

కోపంలో ఉన్న నా ఆయనకు,

మీకు కోపమే ఉందని ఈ రోజు ఫోనులో విన్నాను. నాతో పాటు వీధంతా విన్నది. దాని ముందు జరిగింది రాస్తాను.

నిన్న పొద్దున నేను స్నానాల గదిలో ఉన్నాను. గడియ వేసుకున్నాను. ఈ మధ్య తల స్నానం కూడా గడియ వేసుకునే చేస్తున్నాను. బయట అవ్వ రాట్నం తిరుగుతోంది. ఉన్నట్టుండి రాట్నం ఆగింది. "అవ్వా, ఉండావా?" అన్నాను. కాసేపటికి, "ఊ" అని వచ్చింది. నాకు ధైర్యం వచ్చింది. ఆ రోజెందుకో కూరల సంగతి చెప్పబుద్ధి కాలేదు. బోరెం సంగతి మళ్ళీ మొదట్నుంచి చెప్పాను. మీ సంగతి చెప్పాను. "అవ్వా, ఆయన మిద్దె మీద పడుకున్న రోజు నాకు ఎక్కి పక్కన కూర్చోవాలని ఉండె. కాళ్ళు రాలేదు. అమాస పోయినాక పెద్దమనుసుల ముందర నన్ను అడిగితే నాకు నోరు లేవదు. నోరు లేవకపోతే ఇష్టం లేదనే రాసుకుంటారు. మా అత్త మంచిదే. కొడుకు మీద పాణం. ఆమెకు ఎట్టా సెప్పేది?" అన్నాను. అన్నిటికీ "ఊ", "ఊ" అనే వచ్చింది. మధ్యలో ముక్కు చీదిన చప్పుడు కూడా వచ్చింది. అవ్వకు జలుబు చేసిందేమో అనుకున్నాను.

గడియ తీసి బయటికి వస్తే రాట్నం ముందు అత్తమ్మ కూర్చుని ఉంది.

హుసేనమ్మవ్వ పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని పోతూ, "మల్లేశ్వరీ, ఈడ కూసోని ఊ అంటా ఉండు, ఇంగేం అడగగాకు" అని కూర్చోబెట్టి పోయిందట. మీ అమ్మ అంతసేపు మాట్లాడకుండా ఊ మాత్రమే కొట్టిందంటే మీరు నమ్మరు. నేనూ నమ్మలేదు.

"ఏమే," అంది, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "నా కొడుకును సూస్తే నీకు అసియ్యమనుకుంటి గదనే. నిన్ను ఉరుకుంద ఈరన్న సామి కాడికి తోల్కపోయి దారం కట్టించాలనుకుంటి. తలుపంటే భయమని ఒగ మాట సెప్తే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"సెప్తే పిచ్చిదంటారని మా అమ్మ..."

"మీ అమ్మ రానీ, ఆమె సంగతి నేను సూస్తా."

అన్నదే కానీ, లోపలికి పోయి సుత్తి తెచ్చింది. గది తలుపు బందులు ఊడగొట్టడం మొదలుపెట్టింది. "ఈ తలుపే గదా మీ కాపురానికి అడ్డం. పీకి పారేస్తా. సీర కడదాం అడ్డం" అంటోంది. నేను పోయి సుత్తి పట్టుకున్నాను. "వద్దత్తా. తలుపు ఉండనీ. నేనే వేసుకుంటా, నేనే తీసుకుంటా. నేర్సుకుంటాండా" అన్నాను. అత్తమ్మ నన్ను కిందికీ మీదికీ చూసింది. నేను ఆమె చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. సుత్తి నా చేతికిచ్చి, "సరే, ఊడిన మొల కొట్టు అయితే" అంది. కొట్టాను. వంకరగా దిగింది.

ఈ రోజు మీ ఫోను వచ్చింది. అత్తమ్మ ఎత్తడంతోనే, "ఒరే ఈరేశూ! అది కాదురా సంగతి! పిల్లకు తలుపేస్తే భయమంటరా! సిన్నప్పుడు పత్తి బోరెంలో కూరుకుపోయినాదంట!" అని అరిచింది. ఎదురింటి వాళ్ళు బయటికి వచ్చారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మీరేమో, "అమ్మా, నన్ను సల్లబరచాలని కతలు సెప్పగాకు. ఆమె సెప్పాల్సింది నాకు ఎప్పుడో సెప్పింది. అమాస పోయినాక సోమవారానికి పెద్దమనుసుల్ని రమ్మను. నేనూ వస్తా" అన్నారు.

అంటే నా ఉత్తరాలు చదివి కూడా మీకు కథలే అనిపించాయన్నమాట. మా నాయన గుంటూరు పక్క మిరపకాయ కోతలకు పోయాడు, దీనికోసమే బయలుదేరుతున్నాడట. అత్తమ్మ వద్దని కబురు చేద్దామన్నా అది అందేలోపల ఆయన దారిలో ఉంటాడు.

అవి కథలా, నిజమా, నా మొహం చూసి చెప్పండి. బుధవారం నేను వస్తున్నాను. మళ్ళీ బస్సులోనే. ఈసారి దారిలో దిగను. మీ మిల్లు గేటు ముందు నిలబడతాను. పొమ్మంటే పోతాను. నాతోనే అనండి కానీ, పెద్దమనుషులతో కాదు.

మీ హులిగమ్మ


ఆదోని,
గురువారం మధ్యాహ్నం.

నాకు ఊ కొట్టిన మా అత్తమ్మకు,

జయన్నా, ఇది నువ్వే చదివి వినిపించాలి. అత్తమ్మకు వినబడేటట్టు గట్టిగా చదువు. హుసేనమ్మవ్వను కూడా పిలువు. ఎక్కడ మెల్లగా చదవాలో నేనే రాస్తాను, అక్కడ మాత్రం గొంతు తగ్గించు.

అత్తా, నేను ఆదోనిలోనే ఉన్నాను. మీ కొడుకు గదిలో కూర్చుని రాస్తున్నాను. ఆయన మిల్లుకు పోయాడు. నిన్న ఫోను చేసి చేరానని చెప్పాను కానీ మిగతాది స్పీకరులో చెప్పేది కాదు. ఇప్పుడు జయన్న నోటితో వీధంతా వింటుందనుకోండి, అది వేరే సంగతి. రాసి పెట్టింది కాబట్టి నాకు అంత సిగ్గుగా లేదు.

బస్సు ఈసారి కూడా నిండిపోయింది. నేను ఎక్కడంతోనే కిటికీ పక్కన ఉన్న పెద్దమ్మతో, "అమ్మా, నాకు గాలాడకపోతే కష్టం. అద్దం తీసి పెడ్తావా?" అని అడిగాను. ఇంత చిన్న మాట. ఆమె, "దానికేముందమ్మా, సీటే తీస్కో" అని జరిగింది. కోడుమూరు పక్క కూతురి ఇంటి నుంచి వస్తోందట. దారి పొడుగునా ఆమె కూతురి సంగతి చెప్పింది, నేను ఎనుము సంగతి చెప్పాను. దిగాలనిపించిన చోటు కూడా వచ్చింది. పెద్దమ్మ మాట సగంలో ఉంది కదా, అది అయ్యాక దిగుదామనుకున్నాను. ఆమె మాట అయ్యేలోపల ఆదోని వచ్చింది.

గేటు దగ్గర కాపలా ఆయన పేరు అడిగితే నేను మీ కొడుకు పేరు చెప్పలేక నిలబడ్డాను. "ఎమ్మిగనూరు ఆయన, బేళ్ళు కట్టే ప్రెస్సు కాడ పనిచేసే ఆయన" అంటే, "అట్టాంటోళ్ళు ఆరుమంది ఉండారమ్మా, ఎవురని పిలిచేది?" అన్నాడు. చివరికి చెప్పాను. ఆయన బయటికి వచ్చాడు. తల నిండా, కనుబొమల మీద కూడా తెల్లటి నూగు. నేను ఒక అడుగు వెనక్కి జరిగాను. మళ్ళీ ఒక అడుగు ముందుకు వేశాను.

నన్ను చూసి మీ కొడుకు అన్న మొదటి మాట ఏంటో తెలుసా అత్తా? "ఇంగొగ కాగితం తెచ్చినావా? దానికి ఇంత దూరం రావాల్నా?"

నాకు అర్థం కాలేదు. గదికి తీసుకుపోయాడు. పెట్టెలోంచి నా ఉత్తరాలు మూడూ తీసి చాప మీద పెట్టాడు. నేను అన్నం మెతుకులతో అంటించినవి అంటించినట్టే ఉన్నాయి. ఒక్కటి కూడా విప్పలేదు.

మీ వాళ్ళలో కాపురం తెంచుకోవాలంటే ముందు కాగితం వస్తుందంట కదా, ఆ తరువాతే పెద్దమనుషులు కూర్చుంటారంట కదా. మీ ఆడపడుచు కాపురం చెడినప్పుడు అట్లాగే కాగితం వచ్చిందంట. అప్పుడు చిన్నవాడైన ఈయన గుంజ పట్టుకుని చూస్తూ నిలబడ్డాడంట. మా కోసిగి పక్క ఆ పద్ధతి లేదు అత్తా. మాకు కాగితం అంటే ఉత్తరమే. పెద్దమనుషులు కూర్చుంటారని మీరు ఫోనులో చెప్పడం, ఆ వెనకే జయన్న చేతిలో నా కాగితం రావడం. ఆయన ఇంకేం అనుకుంటాడు? "విప్పి సూస్తే తెగిపోయినట్టే. విప్పకుంటే ఇంగా ఏదో ఉన్నట్టే. అందుకే విప్పలే. రెండోది వచ్చినాక గట్టిపడె. మూడోది వచ్చినాక ఇంగ నాకు సేతులాడలే" అన్నాడు. ఇంత మనిషి, రోజంతా ప్రెస్సు దగ్గర బేళ్ళు దొర్లించే మనిషి, కాగితానికి భయపడ్డాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది.

"ఇప్పుడు విప్పండి" అన్నాను. "నావల్ల కాదు. నువ్వే సదువు" అన్నాడు.

చదివాను. మిల్లు చప్పుడు ఆ గది దాకా వస్తుంది. మెల్లగా చదివితే ఆయనకు వినబడటం లేదు. గట్టిగా చదవాల్సి వచ్చింది. నేను గట్టిగా చదువుతుంటే ఆ వరసలోని గదుల వాళ్ళు ఒక్కొక్కరే వాకిట్లో చేరారు. ఆయనతో పాటు ఉండే గిడ్డయ్య గడపలోనే కూర్చుని, "సదువు సెల్లీ, బాగుండాది. బోరెం కాడికి వచ్చినావు, ఆ తర్వాత?" అంటున్నాడు. అప్పటికి నేను మొదటి ఉత్తరం చివరకు వచ్చాను. వాకిలి రెండుసార్లు ఊడ్చిన చోటుకు. అది గిడ్డయ్యన్న వినే మాటేనా? నాకు ఒళ్ళంతా సిగ్గు కమ్మింది. లేచాను, "అన్నా, కొంచెం జరుగు" అన్నాను, తలుపు వేశాను, గడియ పెట్టాను, వచ్చి కూర్చుని మిగతాది చదివాను.

మూడు ఉత్తరాలూ అయ్యాక మీ కొడుకు నా వైపు కాకుండా తలుపు వైపు చూస్తున్నాడు. "ఏమే, గడియ ఎవరేసినారు?" అన్నాడు. అప్పుడు చూశాను. నేనే వేశాను. చూశాక మాత్రం గుండె దడదడలాడింది, చెమట పట్టింది. భయం పోయిందని నేను చెప్పడం లేదు అత్తా. ఆయన లేచి తీయబోతే, "వద్దు, కాసేపు ఏదో ఒకటి మాట్లాడండి" అన్నాను. ఏం మాట్లాడాలని అడిగాడు. ఏదైనా అన్నాను. దూది బేలు ఎట్లా కడతారో చెప్పాడు. నేను ఊ కొట్టాను. ఊపిరి ఆడింది.

జయన్నా, ఇక్కడి నుంచి రెండు వాక్యాలు గొంతు తగ్గించు. అత్తా, నేను గడప మీద పడుకోలేదు. గిడ్డయ్యన్న తన చాప తీసుకుని పక్క గదికి పోయాడు, పోతూ పోతూ వెక్కిరించిపోయాడు.

ఇప్పుడు సోమవారం సంగతి. అందరికీ కబురు చేసి పెద్దమనుషుల్ని ఆపాలని మీకు ఉంటుంది. ఆపొద్దు. మా నాయన అంత దూరం నుంచి వస్తున్నాడు, మా అమ్మ వస్తుంది. మేము ఆదివారం సాయంత్రానికి వస్తాము. ఆపితే ఊళ్ళో వాళ్ళు వాళ్ళకు తోచింది అనుకుంటారు, గాలి సోకిందనో, మనసు లేదనో. వచ్చినవాళ్ళకు నేనే చెప్తాను, బోరెం సంగతి, తలుపు సంగతి, అన్నీ. నేను ఏడో తరగతిలో పద్యం అప్పజెప్పడానికి కూడా లేవనిదాన్ని. అయినా నేనే చెప్పాలి. మా అమ్మ చెప్పొద్దన్న మాట ఆమె ముందరే చెప్పాలి. ఆమెను మీరు ఏమీ అనకండి. ఆ రోజు నన్ను పత్తిలోంచి లాగినప్పుడు ఆమె పడిన వణుకు నాకు ఇంకా తెలుసు.

ఒకటే అడుగుతున్నాను. పెద్దమనుషులు కూర్చున్నప్పుడు ఆడవాళ్ళను లోపలి గదిలో ఉంచి బయట మాట్లాడుకోవడం ఉంటుంది కదా. నన్ను లోపల కూర్చోబెట్టొద్దు. వాకిట్లో నాకూ ఒక చాప వేయండి.

మీ కోడలు,
హులిగమ్మ